ఎడారి క్లినిక్‌లో షుగర్ కళ్ల పరీక్ష: కెమెరా నుంచి లేజర్ దాకా ఎలా నడిపించాలి

విదేశాల్లో చదివి ఆస్ట్రేలియాకు వెళ్లిన వైద్యులు సాధారణంగా పదేళ్ల పాటు వైద్యుల కొరత ఉన్న ప్రాంతాల్లో పనిచేస్తేనే వారు చూసిన రోగులకు మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) సొమ్ము అందుతుంది. అందువల్ల మన తెలుగు వైద్యుల్లో కొందరు సిడ్నీ, మెల్‌బోర్న్‌లకు బదులు, వెళ్లేదాకా పేరు కూడా విని ఉండని ఎడారి ఊళ్లో, అక్కడి ఆదివాసుల క్లినిక్‌లో కుదురుకుంటారు. నర్సులు, చూపు పరీక్షించి అద్దాలు రాసే ఆప్టోమెట్రిస్టులు కొందరు ఇష్టపడే వెళతారు. నేనూ ఆ దారినే వెళ్లాను. అక్కడ మీ చేతికి వచ్చే పనుల్లో మనిషి చూపును నేరుగా కాపాడగలిగినది ఒకటుంది. షుగర్ ఉన్న ప్రతి ఒక్కరి కంటి వెనక గోడను, అంటే రెటీనాను, ఏటా ఒకసారి ఫోటో తీసి చూడడమే ఆ పని. దాన్ని మొదటి రోజు నుంచి చివరి దాకా ఎలా నడపాలో ఇక్కడ వివరిస్తున్నాను.

నార్తర్న్ టెరిటరీ మారుమూల ఊళ్ల లెక్కలు చూస్తే, మధ్య ఆస్ట్రేలియాలోని ఆదివాసుల్లో పెద్దవారిలో దాదాపు 40 శాతం మందికి షుగర్ ఉంది. టైప్ 2 షుగర్ అక్కడ బడికి వెళ్లే పిల్లల్లో కూడా కనిపిస్తుంది. షుగర్ వల్ల వచ్చే రెటీనా జబ్బు, అంటే డయాబెటిక్ రెటినోపతీ, బాగా ముదిరే దాకా నొప్పి పెట్టదు, కన్నును ఎర్రబరచదు, చాలాసార్లు చూపును కూడా తగ్గించదు. మసకగా ఉందని రోగి తానై చెప్పేసరికి, సులువుగా ఆపగలిగిన దశ తరచుగా దాటిపోయి ఉంటుంది. వేళకు పట్టుకుని చికిత్స చేస్తే తీవ్రమైన చూపు నష్టాన్ని 98 శాతం వరకు తప్పించవచ్చని నేత్రవైద్యులు ఏళ్లుగా చెబుతున్నారు. అందుకే 2008 నాటి జాతీయ మార్గదర్శకాలు, ఇతరులకు కనీసం రెండేళ్లకొకసారి ఉండాలన్న ఈ పరీక్షను ఆదివాసులకు, టోరెస్ జలసంధి ద్వీపవాసులకు ఏటా చేయాలని నిర్దేశించాయి. అయినా 2016లో వెలువడిన జాతీయ కంటి ఆరోగ్య సర్వే ప్రకారం, షుగర్ ఉన్న ఆదివాసుల్లో ఆ గడువులోగా పరీక్ష చేయించుకున్నవారు 53 శాతమే. మిగతా ఆస్ట్రేలియన్లలో 78 శాతం.

పనిలో దిగేముందు ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. ఫోటో తీయడంతో స్క్రీనింగ్ అయిపోయినట్టు కాదు. కళ్లు బాగున్నవారికి “ఈ ఏటికి బాగున్నాయి, వచ్చే ఏడు మళ్లీ చూద్దాం” అని ఎదురుగా కూర్చుని చెప్పిననాడు, బాగులేనివారికి లేజరో ఇంజెక్షనో అందిననాడు అది పూర్తవుతుంది. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలోని ఆదివాసీ కంటి ఆరోగ్య విభాగం రోగి నడిచే ఈ దారిని చిల్లులు పడిన గొట్టంతో పోల్చింది. ఒక్క చిల్లు పూడ్చినంత మాత్రాన చివర నీళ్లు రావు, అన్నిటినీ పూడ్చాలి. కాలువ కింద సేద్యం ఎరిగిన మనకు ఇది వేరే చెప్పనక్కరలేదు. తూము దగ్గర నీళ్లు ఎన్ని ఉన్నా, దారి పొడవునా గండ్లు పడితే చివరి ఆయకట్టు ఎండిపోతుంది. ఎడారి ఊరు ఆ చివరి ఆయకట్టులో ఉంది. కెమెరా కొనడమంటే తూము తెరవడం మాత్రమే.

లేజర్ దగ్గర మొదలుపెట్టండి

కెమెరా పెట్టె విప్పకముందే ఫోను చేతిలోకి తీసుకోండి. మీ ఊరివారికి లేజర్ ఎక్కడ దొరుకుతుందో, అక్కడికి మనిషి ఎలా చేరతాడో తెలుసుకున్న తర్వాతే మొదటి ఫోటో తీయాలి. మధ్య ఆస్ట్రేలియాలో చాలా ఊళ్లకు అది ఆలిస్ స్ప్రింగ్స్ ఆసుపత్రి. పశ్చిమాన కింబర్లీ ప్రాంతంలో లయన్స్ అవుట్‌బ్యాక్ విజన్ బృందం బ్రూమ్ కేంద్రంగా ఊళ్లు తిరుగుతుంది. ఆప్టోమెట్రిస్టు ప్రభుత్వ సంచార పథకం కింద మీ ఊరికి ఏడాదికి ఎన్నిసార్లు వస్తారు, నేత్రవైద్యులు ఏ నెలలో వస్తారు, మీరు పంపే ఫోటోలను ఎవరు చదువుతారు, ఎన్ని రోజుల్లో జవాబిస్తారు, అకస్మాత్తుగా చూపు పోయినవారి విషయం రాత్రిపూట ఎవరికి చెప్పాలి అన్న ప్రశ్నలకు జవాబులను పేర్లతో, ఫోను నంబర్లతో సహా ఒక కాగితం మీద రాసి కెమెరా గది గోడకు అంటించండి. ప్రయాణ ఖర్చు భరించే ప్రభుత్వ పథకాన్ని అక్కడ అందరూ పాట్స్ అంటారు. దాని ఫారం మీ క్లినిక్‌లో ఎవరు నింపుతారో, తోడు వెళ్లేవారికి కూడా టికెట్టు ఏ సందర్భాల్లో ఇస్తారో అదే కాగితం మీద ఉండాలి.

ఈ ప్రశ్నల్లో ఒక్కదానికి జవాబు దొరకకపోయినా ఫోటోల రోజును వాయిదా వేయడమే మంచిదని నా అభిప్రాయం. చికిత్సకు దారి చూపకుండా జబ్బు ఉందని మాత్రం చెప్పి పంపితే, ఆ ఇంటివారు మరుసటి ఏడు కెమెరా దగ్గరికి రారు. వారి మాట విని చుట్టాలూ రారు.

ఊరి అనుమతి, ఊరి వేళ

ఈ పనికి పెద్ద మీరు కారు, మీ క్లినిక్‌లోని ఆదివాసీ హెల్త్ ప్రాక్టీషనర్, అంటే ఆ సమాజానికే చెందిన హెల్త్ వర్కర్. ఎవరు ఏ ఇంట్లో ఉన్నారో, ఎవరు ఎవరికి ఏమవుతారో, ఏ మాట ఎవరి నోట వస్తే ఊరు వింటుందో ఆమెకో ఆయనకో తెలుసు. మీ ఒప్పందం ముగిసి మీరు వెళ్లిపోయిన తర్వాత కూడా వారు అక్కడే ఉంటారు. కాబట్టి తేదీలు వారినే నిర్ణయించమనండి, కెమెరా వారికే నేర్పండి, ఊరి పెద్దలతో మొదటి మాట వారినే మాట్లాడనివ్వండి. చావు జరిగిన ఇంటి దుఃఖాన్ని అక్కడ సారీ బిజినెస్ అంటారు. ఆ రోజుల్లో ఊరంతా ఆ పనిమీదే ఉంటుంది, కొన్నిచోట్ల దారులు కూడా మూసేస్తారు. ఆ సమయంలో కెమెరాతో వెళ్లడం పొరపాటు కాదు, అమర్యాద. వ్రతాలు, దీక్షల వంటి ఆచారాల కాలం, ఫుట్‌బాల్ పోటీలకు ఊరు ఊరంతా కదిలే వారం, ఉత్తరాన నవంబరు నుంచి ఏప్రిల్ వరకు వానలకు రోడ్లు తెగే కాలం కూడా చూసుకోవాలి.

పాడేరు, ఉట్నూరు ఏజెన్సీల్లో పనిచేసి వచ్చినవారికి ఈ దూరాలు, ఈ రోడ్లు కొత్తగా అనిపించవు. కానీ అక్కడి అనుభవంతోనే ఇక్కడ నెట్టుకు రావచ్చనుకోవద్దు. ఈ సమాజాల మర్యాదలు వేరు, ఒక్కో భాషా సమూహానికి అవి మళ్లీ వేరు. చాలాచోట్ల అల్లుడు, అత్త ఒకే గదిలో కూర్చోకూడదు, ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. అందుచేత వేచి ఉండే చోటు ఒక్కటే ఉంటే సగం మంది గుమ్మం దాకా వచ్చి వెనుదిరుగుతారు, ఎందుకు వెళ్లిపోయారో మీకు ఎవరూ చెప్పరు. బయట చెట్టు నీడలో రెండోవైపు నాలుగు కుర్చీలు వేయించండి. చీకటి గదిలో పరాయి మగవాడితోనో పరాయి ఆడమనిషితోనో ఒంటరిగా కూర్చోవడం చాలామందికి సిగ్గు. తోడుగా హెల్త్ వర్కరో ఇంటి మనిషో లోపలే ఉండాలి.

జాబితా తయారుచేయడం

క్లినిక్ కంప్యూటర్‌లో షుగర్ నిర్ధారణ ఉన్నవారందరి పేర్లూ తీసి, ఒక్కొక్కరి ఎదుట చివరిసారి రెటీనా చూసిన తేదీ రాయండి. కంటి పరీక్ష అని మాత్రమే రాసి ఉంటే నమ్మవద్దు. ఈ ఊళ్లకు ట్రకోమా (కంటిరెప్పలను దెబ్బతీసే అంటువ్యాధి) బృందాలు కూడా వస్తాయి, కళ్లద్దాలు ఇచ్చేవారూ వస్తారు. ట్రకోమాకు చూసేది రెప్ప లోపలి భాగాన్ని, అద్దాలకు చూసేది చూపును. రెటీనాను ఎవరూ చూసి ఉండకపోవచ్చు. “నా కళ్లు చూశారు కదా” అని పెద్దవాళ్లు అన్నప్పుడు వారు అబద్ధం చెప్పడం లేదు, చూసింది వేరొకటి.

టైప్ 2 షుగర్ బయటపడిన పిల్లలను వయసు చూసి వదిలేయకండి, నిర్ధారణ అయిన వెంటనే వారికి మొదటి ఫోటో తీయాలి. గర్భానికి ముందే షుగర్ ఉన్నవారిని మొదటి మూడు నెలల్లోనే చూడాలి, ఎందుకంటే గర్భంతో ఉన్నప్పుడు రెటినోపతీ వేగంగా ముదరగలదు. గర్భంలో మాత్రమే వచ్చిన షుగర్‌కు ఈ పరీక్ష అక్కరలేదు. రెటినోపతీ ఉన్నట్టు ఇదివరకే తెలిసినవారిని మీ ఫోటోల వరుసలో నిలబెట్టవద్దు, వారు నేరుగా కంటి నిపుణుల దగ్గరికి వెళ్లవలసినవారు.

డయాలసిస్ మీద ఉన్నవారిని జాబితాలో అందరికన్నా పైన పెట్టండి. షుగర్ మూత్రపిండాలను పాడుచేసిన చోట కళ్లను వదిలిపెట్టి ఉండడం అరుదు. వారానికి మూడుసార్లు యంత్రం దగ్గరికి వెళ్లవలసి రావడంతో వీరిలో చాలామంది ఊరు విడిచి పట్నంలోనే ఉండిపోతారు, దాంతో ఊరి క్లినిక్ జాబితాలో వారి పేరు ‘లేరు’ అన్న గుర్తుతో మిగిలిపోతుంది. పశ్చిమ ఎడారి చిత్రకారులు 2000లో తమ చిత్రాలను సిడ్నీలో వేలం వేయించి పది లక్షల డాలర్లకు పైగా సేకరించి, సొంత గడ్డ మీదే డయాలసిస్ జరగాలని మొదలుపెట్టిన సంస్థను ఇప్పుడు అందరూ పర్పుల్ హౌస్ అంటారు. ఆలిస్ స్ప్రింగ్స్‌కు 500 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న కింటోర్‌లో 2004లో వారి యంత్రం పనిచేయడం మొదలైంది. అలాంటి చోటు మీకు దగ్గరలో ఉంటే, అక్కడివారి అనుమతి తీసుకుని కెమెరాను అక్కడికే తీసుకెళ్లండి. ఎలాగూ వారు గంటల తరబడి ఆ ఆవరణలో ఉంటారు.

జాబితాను అచ్చు తీశాక ఇంకొక పని తప్పనిసరిగా చేయాలి. హెల్త్ వర్కర్‌తో కలిసి కూర్చుని, చనిపోయినవారి పేర్లను కొట్టేయండి. చనిపోయినవారి పేరు పైకి పలకడం చాలా సమాజాల్లో నిషిద్ధం. మీరు తెలియక వరండాలో నిలబడి ఆ పేరు పిలిస్తే, అక్కడున్న ఇంటివారికి అది తగిలే దెబ్బ మాటల్లో చెప్పలేనిది. అదే పేరున్న బతికినవారు కూడా కొంతకాలం ఆ పేరు వదిలి, మధ్య ఆస్ట్రేలియాలో అయితే కుమన్‌జయి అని పిలిపించుకుంటారు. ఫైలులో ఒక పేరు, మనిషికి మరొక పేరు ఉండడం చూసి కంగారు పడకండి, పుట్టిన తేదీతో సరిచూసుకోండి.

గది, కెమెరా

గది చీకటిగా ఉంటే కంటిపాప తనంతట తానే పెద్దదవుతుంది, చుక్కల మందు అవసరం తగ్గుతుంది. కిటికీకి వంటగదిలో వాడే అల్యూమినియం రేకు అంటించి, తలుపు కింద సందులో దుప్పటి మడిచి పెట్టండి. కంప్యూటర్ తెర వెలుగును తగ్గించి, రోగి వైపు కాకుండా పక్కకు తిప్పండి. ఎర్రమట్టి దుమ్ము ఈ కెమెరాకు మొదటి శత్రువు. లెన్సు మీద పడిన ఒక్క రేణువు ప్రతి ఫోటోలోనూ ఒకేచోట బూడిదరంగు మచ్చలా కనబడి, చదివేవారిని తప్పుదారి పట్టిస్తుంది. రోజు మొదట తెల్లకాగితాన్ని ఎదురుగా పెట్టి ఒక ఫోటో తీసి చూసుకోండి. అద్దం తుడిచే గుడ్డను లెన్సు కోసమే విడిగా ఉంచండి. బయట 40 డిగ్రీలు దాటే రోజుల్లో కెమెరాను కారులో వదలవద్దు. ఇంటర్నెట్టు ఫోటోలను వెంటనే మోయలేకపోతే రాత్రిపూట పంపేలా పెట్టుకోండి. పంపినవి చేరాయో లేదో ఉదయాన్నే సరిచూడండి.

మాట్లాడే పద్ధతి

వచ్చిన మనిషిని కూర్చోబెట్టి వెంటనే సంతకం అడగకండి. ఊరు ఏది, ఎవరి బంధువులు అన్న మాటలతో మొదలుపెట్టి, మీ ఊరు, మీ వాళ్ల సంగతి కూడా చెప్పండి. బంధుత్వం అడగడం మనకూ అలవాటే కాబట్టి ఇది తెలుగువారికి కష్టం కాదు. ఎదుటివారు మీ కళ్లలోకి చూడకపోవడం అక్కడ మర్యాద. మీ ప్రశ్నకు చాలాసేపు మౌనంగా ఉండడం ఆలోచన. ఆ మౌనాన్ని మీ మాటలతో నింపవద్దు. అన్నిటికీ “అవును” అంటున్నారంటే అర్థమైందనుకోకండి, త్వరగా ఈ సంభాషణ ముగిస్తే చాలనుకున్నప్పుడు కూడా అలాగే అంటారు. అందుకని “ఇంటికి వెళ్లాక ఈ యంత్రం గురించి మీ అక్కకు ఏమని చెబుతారు?” అని అడిగి వారి మాటల్లో వినండి. ఇంగ్లీషు చాలామందికి మూడో భాషో నాలుగో భాషో. నార్తర్న్ టెరిటరీలో ప్రభుత్వ ఆదివాసీ దుబాసీల సేవ ఫోనులో కూడా దొరుకుతుంది. నేర్చుకోగలిగితే ఒకటి రెండు మాటలు నేర్చుకోండి. పిట్జన్‌జట్జర భాషలో కన్నును ‘కురు’ అంటారు. బాగుంది అనడానికి ‘పల్య’ అంటారు. ఆ రెండు మాటలతో గదిలో గాలి మారుతుంది.

నాకు బాగా పనిచేసిన పద్ధతి, ముందుగా నా కన్నునే హెల్త్ వర్కర్‌తో ఫోటో తీయించుకుని తెర మీద చూపించడం. కంటి వెనక గోడ అని ఎంత చెప్పినా అందని సంగతి, నారింజరంగు నేల మీద పాయలు పాయలుగా పారే రక్తనాళాలను చూడగానే అర్థమవుతుంది.

ముందు చూపు, తర్వాత ఫోటో

చుక్కలు వేయకముందే, ఫ్లాష్ పడకముందే చూపు కొలవాలి. ఈ వరుస తారుమారైతే ఆ రోజు కొలత పనికిరాదు. అక్షరాలు చదవనివారికి ఇంగ్లీషు E గుర్తు ఎటు తిరిగిందో వేలితో చూపించే పటం వాడండి. దూరాన్ని టేపుతో కొలిచి నేల మీద రంగు గీత వేయండి, అడుగులతో అంచనా వేయవద్దు. కళ్లద్దాలు ఉంటే పెట్టుకునే చదవమనండి. ఒక్కొక్క కన్ను విడివిడిగా చూసి, 6/12 (మామూలు కన్ను 12 మీటర్ల నుంచి చదివేదాన్ని 6 మీటర్ల నుంచి చదవగలగడం) కన్నా తక్కువ వస్తే పిన్‌హోల్‌తో, అంటే సన్నటి రంధ్రమున్న పలకతో, మళ్లీ చూడండి. పిన్‌హోల్‌తో మెరుగైతే అద్దాల సమస్య అయి ఉండవచ్చు, మెరుగుకాకపోతే శుక్లమో, రెటీనా మధ్యభాగంలో వాపో ఉండవచ్చు. ఏ కన్నులోనైనా అద్దాలతో చూపు 6/12 కన్నా తక్కువున్నా, రెండు కళ్లకూ మధ్య రెండు వరుసలకు మించి తేడా ఉన్నా, ఫోటో ఎంత శుభ్రంగా కనిపించినా ఆ మనిషిని కంటి నిపుణులకు పంపాలి. మెడికేర్‌లో 2016 నవంబరు నుంచి ఈ పరీక్షకు ఉన్న 12325 నంబరు అంశం కూడా ఇలాంటివారికి, ఇదివరకే రెటినోపతీ ఉన్నవారికి వర్తించదు. మిగతావారికి 12 నెలలకొకసారి వర్తిస్తుంది.

ఫోటో తీసే పద్ధతి

దీపం ఆర్పి అయిదు నిమిషాలు ఊరికే కూర్చోనివ్వండి. గడ్డం పలక మీద గడ్డం, పట్టీకి నుదురు ఆనేలా కుర్చీ ఎత్తు సర్దండి. మెడ సాచవలసి వస్తే తల కదులుతుంది. కెమెరా లోపలి ఆకుపచ్చ చుక్కను చూడమని, ఒకసారి రెప్ప మూసి పెద్దగా తెరవమని చెప్పి, తెరిచిన వెంటనే నొక్కండి. ఒక్కో కంటికి రెండు ఫోటోలు కావాలి, ఒకటి మాక్యులా (రెటీనా మధ్యభాగం) మధ్యలో ఉండేలా, మరొకటి కంటి నరం మొదలయ్యే గుండ్రటి డిస్క్ మధ్యలో ఉండేలా. ఫ్లాష్‌కు రెండు కళ్ల పాపలూ ముడుచుకుంటాయి కాబట్టి రెండో కంటికి వెళ్లేముందు మూడు నాలుగు నిమిషాలు ఆగండి. తొందరపడినవారి ఫోటోల్లో రెండో కన్ను ఎప్పుడూ చీకటిగానే వస్తుంది.

ఆ కొన్ని నిమిషాల చీకటి నాకు ఇష్టమైనది. ఒకసారి బొమ్మలు వేసే పెద్దావిడ వచ్చారు. వేళ్ల గోళ్ల చుట్టూ తెల్లటి అక్రిలిక్ రంగు ఇంకా ఆరలేదు. మొదటి కన్ను ఫోటో అయ్యాక, రెండోదాని కోసం ఆగిన సమయంలో, ఈమధ్య చుక్కలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయని, అందుకే పెద్ద చుక్కలు పెడుతున్నానని మెల్లగా చెప్పారు. అంతకుముందు చూపు గురించి అడిగితే బాగుందనే అన్నారు. తెర మీద మాక్యులా అంచున పసుపురంగు మైనపు రవ్వలు వలయంలా చేరి ఉన్నాయి. కూతురు వాటిని వేలితో చూపించి తల్లి భాషలో ఏదో అంది. ఆవిడ చాలాసేపు తెరనే చూశారు. చూపు కొలిచే పటం చెప్పనిదాన్ని ఆ చీకటి చెప్పించింది. కాబట్టి ఆ సమయంలో ఫోను చూసుకోకండి.

పెద్దవయసువారిలో, ఎక్కువకాలంగా షుగర్ ఉన్నవారిలో చీకటిలోనూ కంటిపాప తెరుచుకోకపోవచ్చు. ఫోటో మసకగా వస్తే ట్రోపికమైడ్ చుక్కలు వేసి 20 నుంచి 30 నిమిషాలు ఆగండి. చుక్కల వల్ల కంట్లో ఒత్తిడి ఒక్కసారిగా పెరగడం చాలా అరుదు. అయినా కన్ను నొప్పెట్టినా, ఎర్రబడినా, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపించినా, వాంతులైనా వెంటనే రమ్మని చెప్పాలి. కొన్ని గంటల పాటు ఎండ భరించలేరు, బండి నడపకూడదు. ఎడారి ఎండలోకి నల్ల కళ్లద్దాలు ఇవ్వకుండా పంపవద్దు, ఇంటికి దింపే బండి ముందే మాట్లాడి ఉంచండి.

చూసి చెప్పడం

ఫోటోలను నిపుణులు చదివినా మీరూ ప్రతి ఫోటోనూ ఆ పూటే చూడాలి. చిన్న ఎర్ర చుక్కలు, సిరా మరకల వంటి రక్తస్రావాలు, మైనపు రవ్వల వంటి పసుపు నిక్షేపాలు, దూదిపింజల వంటి తెల్లని మచ్చలు, డిస్క్ మీదో నాళాల వెంటో అల్లిబిల్లిగా పుట్టిన సన్నటి కొత్త నాళాలు గుర్తుపట్టడం నేర్చుకోండి. ఏ చిహ్నం కనిపించినా కంటి నిపుణులకు పంపాలి. ఎంత త్వరగా అన్నదే మీరు తేల్చవలసినది. కొత్త నాళాలు, నాళాల నుంచి కంటి లోపలికి కారిన రక్తం, అకస్మాత్తుగా తగ్గిన చూపు ఉంటే అదే రోజు నేత్రవైద్యులకు ఫోను చేయండి. మాక్యులా దగ్గర పసుపు నిక్షేపాలున్నా, నాలుగు వైపులా రక్తస్రావాలున్నా వారాల్లో చూడాలి. ఒకటి రెండు చుక్కలే ఉంటే ఆప్టోమెట్రిస్టు తర్వాతి రాకకు పేరు రాయండి.

చదవడానికి వీలుకాని ఫోటోను ‘జబ్బు లేదు’ అన్న గడిలో ఎప్పుడూ వేయకండి. ఫోటో మసకగా రావడానికి శుక్లమే కారణం కావచ్చు, లోపల కారిన రక్తమూ కావచ్చు. ఈ పనిలో నేను చూసిన తప్పుల్లో ఇదే ఎక్కువ ప్రమాదకరమైనది. వీలుకాని ఫోటో అంటే రిఫరల్, నిపుణులకు పంపడం, అన్నమాటే. కంప్యూటరే ఫోటో చదివి చెప్పే సాధనాలు వస్తున్నాయి, అవి ఆ పూటే జవాబిస్తాయి కాబట్టి మేలే; కానీ వాటి జవాబు మీద మీ కన్ను కూడా పడాలి.

ఫలితాన్ని తెర ముందు కూర్చోబెట్టి, వారు కోరిన బంధువు పక్కన ఉండగా చెప్పండి. బాగున్న కన్ను ఫోటోను పక్కన పెట్టి చూపిస్తే తేడా తెలుస్తుంది. ‘గుడ్డివారవుతారు’ అన్న మాటతో మొదలుపెట్టవద్దు. “ఇది ఇక్కడితో ఆపగలిగిన జబ్బు, ఆపే యంత్రం పట్నంలో ఉంది” అని మొదలుపెట్టండి. “తిండి వల్లనే నీకు ఇది వచ్చింది” అన్న ధోరణి అసలే పనికిరాదు. ఊళ్లో ఉన్న ఒకే ఒక దుకాణంలో ఆకుకూరల ధర చూసినవారెవరూ ఆ మాట అనలేరు.

పట్నం ప్రయాణం

నా మొదటి ఏడాదిలో ఒక పెద్దాయన కంట్లో కొత్త నాళాలు పుట్టినట్టు ఫోటోలో కనబడింది. నేను రిఫరల్ ఉత్తరం పంపించి నా పని అయిందనుకున్నాను. అపాయింట్‌మెంట్ కాగితం పాత చిరునామాకు వెళ్లింది. ఆయన అప్పటికే వేరే ఊళ్లో కూతురి దగ్గర ఉన్నారు. నాలుగు నెలల తర్వాత ఒక ఉదయం, కంట్లో నల్లటి తెర దిగిందంటూ క్లినిక్ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఉత్తరం పంపినది నేను, అది చేరిందో లేదో చూడనిదీ నేనే. అప్పటి నుంచి నేను ఏ రిఫరల్‌నూ ఉత్తరంతో వదలలేదు.

మీరు కూడా ఉత్తరంతో పాటు అదే రోజు ఫోను చేసి, అవతలివారి పేరు రాసుకోండి. తేదీ వచ్చాక రోగితోనే కూర్చుని ప్రయాణాన్ని గంట గంటకూ నడిచి చూడండి. విమానమా బస్సా, తోడు ఎవరు, రాత్రి ఎక్కడ పడుకుంటారు, మనవలను ఎవరు చూస్తారు, డయాలసిస్ రోజుతో తేదీ కలిసిపోతుందా, ఆసుపత్రిలో భాష తెలిసినవారు ఉంటారా, తిరుగు టికెట్టు చేతిలో ఉందా. తిరిగి రాలేక పట్నంలో చిక్కుకుపోయిన బంధువు కథ ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంటుంది. ఆ భయాన్ని తీర్చకుండా టికెట్టు ఇస్తే లాభం లేదు. వీలైతే నలుగురైదుగురిని ఒకే వారంలో, బంధువులను బంధువులతో కలిపి పంపండి. వెళ్లినరోజే పరీక్ష, చికిత్స రెండూ చేసే వీలుందా అని నేత్రవైద్యులను ముందే అడగండి. ఒక్క ప్రయాణంలో రెండు పనులు తీరితే రెండో ప్రయాణంలో తప్పిపోయే అవకాశమే ఉండదు.

రావడం ఎంత కష్టమో నేత్రవైద్యులకు స్పష్టంగా రాయండి. కొత్త నాళాలకు కంటి ఇంజెక్షన్లు బాగా పనిచేస్తాయి, కానీ మొదట్లో నెలనెలా రావాలి, మధ్యలో మానేస్తే జబ్బు ఒక్కసారిగా తిరగబడుతుంది. లేజర్ కొద్ది విడతల్లో ముగుస్తుంది, ప్రభావం నిలుస్తుంది. మళ్లీ రాగలరో లేదో తెలియని మనిషికి ఏది తగినదో నిర్ణయించేది నేత్రవైద్యులే అయినా, రాగలరో లేదో తెలిసినది మీకే.

క్లినిక్‌లో మీ వంతు చికిత్స కూడా ఉంది. రక్తపోటును, షుగర్‌ను అదుపులోకి తేవాలి. అయితే చాలాకాలంగా ఎక్కువగా ఉన్న షుగర్‌ను ఇన్సులిన్‌తోనో సెమాగ్లూటైడ్ అనే షుగర్ మందుతోనో వేగంగా దించితే రెటినోపతీ కొంతకాలం ముదరవచ్చు కాబట్టి, ఆ మందులు మొదలుపెట్టేముందే కళ్లు చూడండి. టైప్ 2 షుగర్‌తో పాటు రెటినోపతీ ఉన్నవారిలో అది ముదరకుండా ఫెనోఫైబ్రేట్ అనే, రక్తంలో కొవ్వు తగ్గించే మందు వాడడానికి ఆస్ట్రేలియాలో 2013 నుంచి అనుమతి ఉంది. మూత్రపిండాల పనితీరు చూసి మోతాదు తగ్గించాలి, బాగా దెబ్బతిన్నవారికి ఇవ్వకూడదు.

మూడు తేదీల పుస్తకం

కంప్యూటర్‌లో రీకాల్ (మళ్లీ పిలవాలన్న గుర్తు) ఎలాగూ పెడతారు. దానితో పాటు కెమెరా పక్కన గట్టి అట్ట ఉన్న నోటు పుస్తకం ఒకటి ఉంచి, ప్రతి మనిషికీ ఒక వరుసలో మూడు తేదీలు రాయండి: ఫోటో తీసిన తేదీ, ఫలితం ఎదురుగా చెప్పిన తేదీ, చికిత్స అందిన తేదీ. జబ్బు లేనివారికి మూడో గడిలో వచ్చే ఏటి నెల రాయాలి. రానివారి ఎదుట ‘నిరాకరించారు’ అని ఎప్పుడూ రాయకండి, ఆ ఒక్క మాట ఫైలులో పడితే తర్వాత వచ్చే వైద్యులు వారిని పిలవడమే మానేస్తారు. ఎందుకు రాలేకపోయారో కనుక్కుని అది రాయండి: విమానం రద్దయింది, చావుకు వెళ్లారు, తోడు దొరకలేదు.

ప్రతి శుక్రవారం హెల్త్ వర్కర్‌తో కలిసి ఆ పుస్తకం తెరిచి, ఖాళీ గడులున్న పేర్లను మాత్రమే చదవండి. ఈ ఊళ్లలో వైద్యులు తరచుగా మారతారు, ఏదో ఒకనాడు మీరూ వెళతారు. వెళ్లే రోజున మూడో గడి ఖాళీగా ఉన్నవారి పేర్లను విడిగా ఒక కాగితం మీద రాసి, ఒక్కొక్కరికి తర్వాత ఏం జరగాలో ఎదురుగా రాసి, హెల్త్ వర్కర్ చేతికి ఇచ్చి, ఆమె చదివి అర్థమైందన్న తర్వాతే విమానం ఎక్కండి.